పీచ్ చెట్టు నుంచి పన్నెండు వరుసలు

"ఎవరయ్యా బాబూ నువ్వు? మా తాత తీగల్ని ఏం చేశావ్?"

వ్రోని అరిచిన అరుపుకి కింద డాన్యూబ్ మీద బల్లకట్టు నడిపేవాడు కూడా తలెత్తి చూసి ఉంటాడు. చూడకుండా ఎలా ఉంటాడు? ఆ పిల్ల గొంతు అలాంటిది.

పొద్దున్నే ఎనిమిదింటికి తలకి గుడ్డ కట్టుకుని, నడుముకి కత్తెర తగిలించుకుని, ఖాళీ తొట్టె మోసుకుంటూ ద్రాక్ష కోతకని కొండెక్కింది. తీరా చూస్తే తన రెండు వరుసల నిండా ఆకులే. పండు ఒక్కటి లేదు. ఏడాదంతా కంటికి రెప్పలా చూసుకున్న తీగలు బోసిగా నిలబడి ఉన్నాయి.

పై మెట్టులోంచి ఒకడు లేచాడు. ముప్ఫై లోపు ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ముక్కు మీద కళ్ళజోడు, మెడకి ఎర్ర మఫ్లర్. కత్తెర పట్టుకున్న తీరు చూస్తే బొమ్మలు కత్తిరించడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"గుడ్ మార్నింగండీ," అన్నాడు మర్యాదగా.

"మార్నింగ్ సంగతి తర్వాత. ఈ రెండు వరుసలూ ఎవరు కోశారు?"

"నేనేనండీ. నిన్న. ఇవి మా ఒటీలీ అత్తవి. అత్త పోయాక నాకొచ్చాయి."

"మీ అత్తవా? మీ అత్త వరుసలు అవిగో, ఆ మోడు దగ్గర్నుంచి పైకి. ఇవి మావి!"

అతను జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఇచ్చినంత జాగ్రత్తగా చేతికిచ్చాడు. ఒటీలీ అత్త దస్తూరీయే. "పీచ్ చెట్టు నుంచి పైకి పన్నెండు వరుసలు" అని ఉంది.

"చూశారా? పీచ్ చెట్టు," అని వరుస చివర నిలబడ్డ చెట్టు చూపించాడు. "ఒకటి, రెండు, మూడు... సరిగ్గా లెక్కపెట్టానండీ. రెండుసార్లు."

వ్రోని తల పట్టుకుంది.

ఆ కొండ మీద కంచెలుండవు. ఎవరి వరుసలు ఎక్కడ మొదలవుతాయో పీచ్ చెట్లే చెప్పాలి. ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఒటీలీ అత్త రాసిన చెట్టు ఆరేళ్ళ కింద వడగళ్ళకి పోయి, పైన మోడైంది. ఈ చెట్టు కొత్తది. రెండు వరుసలు కిందికి, వ్రోని వాళ్ళ నేలలో ఉంది.

"ఇది ఆ పీచ్ చెట్టు కాదు మహానుభావా!"

"పీచ్ చెట్టంటే పీచ్ చెట్టేగా," అన్నాడతను అయోమయంగా.

వ్రోని తొట్టె కింద పడేసింది. రాతి గోడ మీద కూలబడి ఏడ్చేసింది. అరిచినప్పుడు కూడా బెదరనివాడు ఇప్పుడు నిజంగా బెదిరిపోయాడు. మఫ్లర్ విప్పి ఇవ్వబోయి, కళ్ళు తుడుచుకోవడానికి మఫ్లర్ ఏంటని మళ్ళీ మెడకి చుట్టుకున్నాడు.

"సారీ అండీ. నా పేరు సెవెరిన్. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"ఏం చేస్తారు? పళ్ళు మళ్ళీ తీగలకి అతికిస్తారా? ఎక్కడున్నాయవి?"

సెవెరిన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "నిన్న మధ్యాహ్నమే ప్రెస్ చేశానండీ. మొదటి నాలుగు వరుసలూ కలిపి. మీవి రెండు, మావి రెండు. రసం ట్యాంకులో ఉంది. మిగతావి పళ్ళుగానే అమ్ముతానండీ."

కలిసిపోయిన రసాన్ని విడదీసే మొనగాడు ఇంకా పుట్టలేదు. వ్రోని ఆ మాట వినగానే ఇంకొంచెం గట్టిగా ఏడ్చింది.

అంత ఏడుపెందుకంటే కారణముంది. వాళ్ళ నాన్న ఆలోయిస్‌కి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ రాతిమెట్లు ఎక్కడం ఇక తన వల్ల కాదనీ, ఇంకొక్క కోత అయ్యాక తోటంతా పెద్ద కంపెనీవాళ్ళకి కౌలుకిచ్చేస్తాననీ ఏడాది కిందటే చెప్పేశాడు. క్రెమ్స్‌లో మందుల షాపు ఉద్యోగం వదిలేసి వ్రోని పరిగెత్తుకొచ్చింది. తోట నాకివ్వు అంది. ఆలోయిస్ మీసం దువ్వుకుని ఒక షరతు పెట్టాడు.

"తాత నాటిన రెండు వరుసలూ నీవి. వైన్ నువ్వు చెయ్. నా చెయ్యి పడకూడదు, ఇంకొకళ్ళ చెయ్యీ పడకూడదు. వైన్ అమ్మకానికి మన గుమ్మానికి కొమ్మ కట్టిన రోజు ఎవరిదో చెప్పకుండా జనం ముందు పెడదాం. జగ్గు ఖాళీ అయి రెండోది అడిగారా, తోట నీది. అడగలేదా, నేను సంతకం పెట్టేస్తాను, నువ్వు షాపుకి పోయి జలుబు మాత్రలమ్ముకో."

ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదట. ఇప్పుడు వైన్‌లో సగం ఇంకొకళ్ళదే.

"మీకేం పోయింది?" అంది ముక్కు తుడుచుకుని. "మీరు ఈ ఊళ్ళో ఉంటారా పాడా?"

"లేదండీ. లింట్జ్‌లో పియానోలు శ్రుతి చేస్తుంటాను. అత్త ఆఖరి కోరిక కదాని ఈ ఒక్క కోతకీ వచ్చాను. ఇది కాగానే ఇల్లూ వరుసలూ అమ్మేసి వెళ్ళిపోతాను."

"వెళ్ళండి, వెళ్ళండి. పోయేటప్పుడు మా నేలమాళిగ కూడా పట్టుకుపొండి!"

*

ఇంటికొచ్చి కత్తెర మేకుకి తగిలించి, నానమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పింది. హెర్మీనె నానమ్మ వాల్‌నట్లు పగలగొడుతోంది. పీచ్ చెట్టు మాట వచ్చేసరికి సుత్తి ఆగింది.

"ఆ కొత్త చెట్టు నేనే నాటానే," అంది నెమ్మదిగా.

"తెలుసు. కానీ మోడు దగ్గరే కదా నాటాలి, అంత కిందికి ఎందుకు నాటావ్?"

"పైన అంతా రాయి. గుంట తవ్వేసరికి నా నడుం విరిగింది. కింద మట్టి మెత్తగా ఉంది. చెట్టే కదా, ఎక్కడుంటే ఏం అనుకున్నా. ఎవరో పియానోవాడొచ్చి వరుసలు లెక్కపెడతాడని కలగన్నానా?"

వ్రోనికి కోపం చూపించడానికి మనిషి లేకుండా పోయింది. ఇంట్లో దొంగని పెట్టుకుని వీధిలో అరిచినట్టైంది.

"నాన్నకి చెప్పేస్తాను."

"చెప్తే రేపే సంతకం పెట్టేస్తాడు. వాడు నా కొడుకు, నాకు తెలీదా? నోరు మూసుకుని ఆ వైన్ సంగతి చూడు. సగమన్నా మీ తాతది ఉందిగా."

సాయంత్రం వ్రోని, అబద్ధం చెప్తున్నప్పుడు ఎప్పుడూ చేసేట్టే జడ కొస తిప్పుకుంటూ, తండ్రితో అంది. "నా వైన్ ఒటీలీ అత్త నేలమాళిగలో పెట్టా నాన్నా. మన దాంట్లో పెడితే నువ్వు చెయ్యి పెట్టావంటారు ఊళ్ళోవాళ్ళు."

ఆలోయిస్ మేకుకి వేలాడుతున్న కత్తెర వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, "ఊఁ" అన్నాడు. ఆయన మాట్లాడ్డం తక్కువ.

*

అలా మొదలైంది. రోజు విడిచి రోజు వ్రోని ఒటీలీ అత్త నేలమాళిగకి వెళ్ళేది. రెండిళ్ళూ ఒకే వీధి, ఎదురెదురే. నేలమాళిగలో మూలన చిన్న స్టీలు ట్యాంకు, దాని మీద గాలి బయటికి పోయే గాజు గొట్టం. లోపల రసం పులుస్తుంటే గొట్టంలో బుడక్, బుడక్ అని చప్పుడు.

సెవెరిన్ ఆ పక్కనే స్టూలేసుకుని, కళ్ళు మూసుకుని వింటూ ఉండేవాడు.

"నిద్రపోతున్నారా?"

"లేదండీ. వింటున్నా. నిమిషానికి ఇరవై రెండు. నిన్న ఇరవై."

"వైన్‌ని రుచి చూస్తారు. వినరు."

"రుచి మీ డిపార్ట్‌మెంట్. నా నాలుకకి కాఫీకీ టీకీ తేడానే తెలీదు. చెవి మాత్రం బాగా పనిచేస్తుంది. మీరు వీధి మలుపులో ఉండగానే తెలిసిపోతుంది. కుడి చెప్పు మడమ అరిగింది మీకు."

వ్రోని తన చెప్పు వైపు చూసుకుంది. నిజమే, అరిగింది. నవ్వొచ్చింది గానీ నవ్వితే లోకువైపోతానని మింగేసింది.

పోట్లాటలకి కొదవలేదు. పెద్ద పోట్లాట తీపి గురించి.

"కొంచెం తీపి ఉంచేద్దామండీ. నోటికి హాయిగా ఉంటుంది," అన్నాడొకరోజు, గ్లాసులో పాలపాలగా ఉన్న కొత్త వైన్ తాగి మూతి తుడుచుకుంటూ.

"మీకు హాయి కావాలంటే నిమ్మసోడా తాగండి. మా తాత వైన్‌లో చుక్క తీపి ఉండదు. తాగితే ముందు ఆకుపచ్చ యాపిల్ కొరికినట్టుండాలి, తర్వాత నాలుక చివర మిరియం చురుక్కుమనాలి. నోరూరి ఇంకో గుక్క అడగాలి. తీపి పెడితే ఒక్క గ్లాసుతో కడుపు నిండిపోతుంది. ఇక రెండో జగ్గు ఎవరడుగుతారు?"

"అంటే ఇష్టపడేలా ఉండాలి గానీ మొహం మొత్తకూడదు."

"అదే."

"మీలాగన్నమాట."

వ్రోని మాట తడబడింది. "నేనా? నేను... మిరియమా?"

"మిరియం అనలేదండీ," అన్నాడు సెవెరిన్ చాలా సీరియస్‌గా. "యాపిల్ కూడా ఉందిగా."

ఆ రోజు వ్రోని పని పూర్తవకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిపోయిందో ఆమెకే తెలీదు.

*

నవంబరు నడిమికి వచ్చేసరికి నది మీంచి మంచు లేచి ఊరంతా కమ్మేసింది. ఒక మధ్యాహ్నం సెవెరిన్ ఫోన్ చేశాడు.

"వెంటనే రండి. నిన్న పధ్నాలుగు. ఇవాళ రెండు."

వ్రోని అన్నం ముందునుంచి లేచింది లేచినట్టే పరిగెత్తింది. గ్లాసులో పట్టి రుచి చూసింది. ఇంకా తీపి ఉంది. రసంలో తీపిని తినే ఈస్ట్ చలికి ముడుచుకుని నిద్రపోయింది. ఇలాగే ఆగిపోతే ఇక అది తాత వైన్ కాదు, నిమ్మసోడాకి చెల్లెలు.

"అయిపోయింది," అంది. "అంతా అయిపోయింది."

"ఏమీ అవలేదు. ఏం చెయ్యాలో చెప్పండి."

"వెచ్చబెట్టాలి. మరీ వేడి కాదు, చంటిబిడ్డకి స్నానం పోసేంత. రోజుకి రెండుసార్లు అడుగున మడ్డి కదపాలి. అయినా లేస్తుందో లేదో. కొన్ని అలా పడుకుంటే ఇక లేవవు."

ఇంట్లోంచి నానమ్మ వేడినీళ్ళ సంచులు నాలుగు మోసుకొచ్చింది. అత్త పాత బొగ్గుల పొయ్యిని సెవెరిన్ తుడిచి వెలిగించాడు. ట్యాంకు చుట్టూ సంచులు కట్టి, పైన పాత కోట్లు చుట్టారు. వ్రోని పొడుగు గరిటెతో కదిపి కదిపి చేతులు వాచేలా చేసుకుంది.

ఒకరోజు పోయింది. రెండు. మూడు. గొట్టంలో చప్పుడు లేదు.

నాలుగో రోజు వ్రోని వెళ్ళేసరికి సెవెరిన్ ముక్కు టమాటాలా ఉంది. నిమిషానికి రెండు తుమ్ములు. వైన్ కంటే ఆయనే జోరుగా ఉన్నాడు.

"ఏమైంది మీకు?"

"ఏం లేద... హాచ్! ఏం లేదండీ. మంచు."

మందుల షాపులో ఆరేళ్ళు చేసింది కదా, వదుల్తుందా? నుదురు పట్టుకు చూసింది. కాలిపోతోంది. ఇంట్లోకెళ్ళి ఒక దుప్పటన్నా తెచ్చి కప్పుదామని ఆయన గదిలోకి వెళ్ళింది. మంచం మీద పరుపుంది, తలగడుంది. కప్పుకునేది ఏమీ లేదు. కుర్చీ మీద ఒక పల్చటి టేబుల్ గుడ్డ మడతలు పడి ఉంది, రాత్రి ఎవరో కప్పుకున్నట్టు.

వ్రోని మళ్ళీ నేలమాళిగలోకి దిగింది. ట్యాంకు మీది కోట్లు ఒక్కొక్కటే తీసింది. అన్నిటికీ లోపల, స్టీలుకి ఆనుకుని, తెల్లటి ఈకల దుప్పటి. మంచి మందంగా, చుట్టూ తాడుతో, పసిపిల్లని చుట్టినట్టు చుట్టి ఉంది.

"నీకు పిచ్చా?" అంది. "నీ దుప్పటి ట్యాంకుకి చుట్టి, నువ్వు టేబుల్ గుడ్డ కప్పుకుని పడుకుంటున్నావా?"

"నువ్వు" అనేశానని ఆమెకి తెలీలేదు. ఆయనకి తెలిసింది.

"కోట్లు చాల్లేదు," అన్నాడు తలొంచుకుని. "నాకు జలుబు చేస్తే తగ్గుతుంది. దీనికి చేస్తే నీ తోట పోతుంది. అసలు పోగొట్టింది నేనే కదా, లెక్క తప్పి."

వ్రోని ఏదో అనబోయింది. అప్పుడు సెవెరిన్ చెయ్యెత్తి "ష్" అన్నాడు.

ఏమీ వినపడలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఊపిరి బిగపట్టింది.

బుడక్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా సేపటికి ఇంకోటి. బుడక్. వ్రోని చిన్నపిల్లలా గెంతి ఆయన మెడ పట్టుకుంది. పట్టుకున్నాక సిగ్గేసి వదిలింది. వదిలాక, అయ్యో ఎందుకు వదిలానా అనుకుంది. మనసు అలాగే ఏడిపిస్తుంది మరి.

"పద, పడుకో," అంది గరుకుగా. "మందు తెస్తాను. దుప్పటి కూడా. మా ఇంట్లో మూడున్నాయి."

*

క్రిస్మస్ నాటికి వైన్‌లో చుక్క తీపి మిగల్లేదు. మడ్డి దిగి, తేటపడి, గ్లాసులో పోస్తే లేత గడ్డి రంగు. వ్రోని ఒక గుక్క పుక్కిలించి కళ్ళు పెద్దవి చేసింది.

"మా తాతది ఇలా ఉండేది. కాదు, ఇంకేదో ఉంది. చివర్లో చురుకు కొంచెం ఎక్కువుంది."

"బాగోలేదా?"

"బాగుందయ్యా! అదే బాధ. మా వరుసలకి అంత చురుకు లేదు. ఇది మీ పై వరుసలదే అయ్యుంటుంది."

చలికాలమంతా ఇద్దరూ కలిసి తీగలు కత్తిరించారు. తీగకి ఎన్ని చిగురు కళ్ళు ఉంచాలో వ్రోని నేర్పింది. ఆయన ఏ తీగ దగ్గర నిలబడ్డా ఆమెకి ఒక ఆలోచన వచ్చేది. వైన్ అయిపోయాక ఈయన వెళ్ళిపోతాడు. కోతకొచ్చానన్నాడు. అమ్మేస్తానన్నాడు. అడుగుదామని నోరు తెరిచి, "ఆ తీగ పొడుగ్గా వదిలావు, చూడు," అని మాట మార్చేది.

మార్చి నెలాఖరున ఒక రోజు వీధిలో పెద్ద బండి ఆగింది. ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని ఒటీలీ అత్త గుమ్మం కొలుస్తున్నారు. కిటికీలు కొలుస్తున్నారు. సెవెరిన్ పక్కన నిలబడి చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నాడు.

వ్రోని తన వంటింటి కిటికీలోంచి చూసింది.

"ఎవరే వాళ్ళు?" అంది నానమ్మ.

"ఇంకెవరు? ఇల్లు కొనేవాళ్ళు," అంది వ్రోని, ఉల్లిపాయ తరుగుతూ. ఉల్లిపాయ మీద తోసెయ్యడానికి వీలుగా కన్నీళ్ళు అప్పుడే వచ్చాయి.

ఆ తర్వాత ఆమె నేలమాళిగకి వెళ్ళలేదు. వైన్‌కి ఇక పనేం లేదు కదా, అని కబురు పంపింది. సెవెరిన్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ తలనొప్పంది. మూడోసారి వైన్ నింపిన కూజాలు గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోయాడు.

*

ఏప్రిల్ రెండో శనివారం. ఆ వారం కొమ్మ వంతు ఆలోయిస్ ఇంటిది. ఆ ఊళ్ళో వైన్ అమ్మే ఇంటికి బోర్డుండదు. గుమ్మం మీద పచ్చటి దేవదారు కొమ్మ వేలాడితే, లోపలికి రండి, మా వైన్ తాగండి అని అర్థం. వీధికి ఒక ఇల్లు. ఒకరి కొమ్మ దిగాకే రెండోవారి కొమ్మ ఎక్కాలి. తాతల నాటి పద్ధతి, దీని మీద కొట్లాటలు కూడా జరిగాయి.

ఆలోయిస్ మోకాళ్ళు మూలుగుతున్నా నిచ్చెనెక్కి తనే కొమ్మ కట్టాడు. పెరట్లో బల్లలు వేశారు. నల్లరొట్టె, ఉల్లిపాయలు, మిరప కలిపిన చీజ్ ముద్ద, వాల్‌నట్లు. పదకొండింటికల్లా పెరడు నిండింది.

వ్రోని జగ్గు నింపింది. ఆలోయిస్ ఆ జగ్గు తీసుకెళ్ళి సరిగ్గా ఆంబ్రోస్ తాత ముందు పెట్టాడు. ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఊళ్ళో అందరి వైన్‌కీ వంకలు పెట్టడమే ఆయన పెన్షన్ కాలక్షేపం.

"ఎవరిదిది?" అన్నాడు ఆంబ్రోస్ తాత అనుమానంగా.

"తాగు ముందు."

తాగాడు. ఏమీ అనలేదు. రొట్టె కొరికి మళ్ళీ తాగాడు. పక్కనున్న ముగ్గురికీ పోశాడు. వాళ్ళ కబుర్లు వానల మీదికీ, మోకాళ్ళ మీదికీ పోయాయి. వ్రోని వంటింటి తలుపు వెనక గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. వైన్ గురించి ఒక్క ముక్క మాట్లాడరేం ఈ ముసలాళ్ళు!

పావుగంటకి ఆంబ్రోస్ తాత జగ్గు తలకిందులు చేసి ఊపాడు. ఒక్క చుక్క రాలింది.

"ఏంటోయ్ ఆలోయిస్, చిల్లు జగ్గు ఇచ్చావా? ఇంకోటి పట్రా! దీనిదే, ఇంకేదో తెచ్చి పెట్టకు. నాకు తెలిసిపోద్ది."

నానమ్మ వెనకనుంచి వ్రోని వీపు మీద గట్టిగా చరిచింది. ఆలోయిస్ ఖాళీ జగ్గు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. మీసం కింద నవ్వు దాగడం లేదు.

"నింపు," అన్నాడు. "ఇక తోట నీదే."

వ్రోని జగ్గు అందుకుంది. అందుకుని అక్కడే నిలబడిపోయింది. కావలసింది దొరికింది. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ తెల్లటి దుప్పటి గుర్తొచ్చింది, ఎర్రటి ముక్కు గుర్తొచ్చింది.

"నాన్నా, ఇది నా ఒక్కదాని వైన్ కాదు. సగం సెవెరిన్‌ది. రసం కలిసిపోయింది. ఆగిపోతే తన దుప్పటి చుట్టి లేపాడు. నేను నీతో అబద్ధమాడాను. సంతకం పెట్టాలంటే పెట్టెయ్."

ఆలోయిస్ తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకు అక్టోబర్లోనే తెలుసు."

"నానమ్మ చెప్పిందా?"

"నేనెందుకు చెప్తానే!" అంది నానమ్మ ఉక్రోషంగా.

"ద్రాక్ష కోసిన కత్తెర జిగురుగా ఉంటుంది," అన్నాడు ఆలోయిస్. "ఆ రోజు నువ్వు మేకుకి తగిలించింది తళతళలాడుతోంది. పైగా ఈ చురుకు ఒటీలీ వరుసలది. నలభై ఏళ్ళు ఎక్కిన కొండ నాకు తెలీదా? ఇన్నాళ్ళూ నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా. జగ్గు ఖాళీ అయ్యాక చెప్పావు. చెప్పక్కర్లేనప్పుడు చెప్పావు. చాలు." మోకాలు రాసుకున్నాడు. "ఒక్కదానివే ఆ మెట్లెక్కలేవని నా భయం. అందుకే కౌలన్నాను. ఆ అబ్బాయి ఎక్కడ? ఇవాళ రాలేదేం?"

"ఇల్లు అమ్మేశాడు," అంది వ్రోని. "వెళ్ళిపోయుంటాడు."

సరిగ్గా అప్పుడే వీధిలోంచి నవ్వులు, కేకలు. ఎవరో అరిచారు. "ఆలోయిస్! బయటికి రా! ఎదురింటికి కొమ్మ కడుతున్నారు!"

"ఏంటీ? నా వారంలోనా?" ఆలోయిస్ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి వీధిలోకి దూకాడు. వెనకే పెరడంతా గ్లాసులతో సహా కదిలింది.

ఎదురుగా ఒటీలీ అత్త గుమ్మం దగ్గర, ఊగిపోతున్న నిచ్చెన మీద సెవెరిన్. చేతిలో తనకంటే పెద్ద దేవదారు కొమ్మ. కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతోంది.

"ఏయ్ అబ్బాయ్! ఏం చేస్తున్నావ్?"

"కొమ్మ కడుతున్నానండీ!"

"ఈ వారం మాది! ఒక వీధిలో రెండు కొమ్మలు వేలాడకూడదని తెలీదూ?"

సెవెరిన్ మొహం పాలిపోయింది. "తెలీదండీ. అందరూ చూసేలా కట్టాలని మాత్రం తెలుసు."

"అమ్మడానికి నీ దగ్గర వైన్ ఏదీ?" అన్నాడు ఆంబ్రోస్ తాత. "మీ అత్త పీపాల్లో కాకులు గూళ్ళు పెట్టుకున్నాయి!" అందరూ గొల్లున నవ్వారు.

"అమ్మడానికి కాదండీ." సెవెరిన్ చూపు గుంపులో వెతికి వ్రోని మీద ఆగింది. "ఉంటున్నానని చెప్పడానికి. రెండుసార్లు చెబుదామని వస్తే తలనొప్పి అన్నావు. గుమ్మానికి కడితే కిటికీలోంచైనా చూస్తావు కదాని."

వ్రోని ముందుకొచ్చింది. "మరి గుమ్మం కొలిచిన వాళ్ళు?"

"పియానోవాళ్ళు. లింట్జ్ నుంచి నా పియానో తెచ్చుకున్నా. గుమ్మం నాలుగు వేళ్ళు ఇరుకైంది. వెనక కిటికీ ఊడదీసి దించాం. ఎవరనుకున్నావ్?"

"ఇల్లు కొనేవాళ్ళనుకున్నా! నువ్వు వెళ్ళిపోతున్నావనుకున్నా! రెండు వారాలు ఏడ్చాను తెలుసా నీకు?"

"నువ్వు ఏడ్చావా? నా కోసమా?" అన్నాడు సెవెరిన్. నిచ్చెన మీద ఉన్నానన్న సంగతి మర్చిపోయి రెండు చేతులూ వదిలేశాడు. నిచ్చెన వాలింది. వ్రోని పరిగెత్తి రెండు చేతులా పట్టుకుంది.

"దిగు ముందు! ఆ కొమ్మ తీసెయ్!"

"తీసెయ్యాల్సిందేనా?" అని ఆలోయిస్ వైపు చూశాడు దిగులుగా.

"తీసెయ్యాల్సిందే," అన్నాడు ఆలోయిస్. "పద్ధతంటే పద్ధతే. తీసి ఇటు తీసుకురా. మా గుమ్మానికి ఆ పక్కన ఖాళీ ఉంది. అక్కడ కట్టు. ఒకే ఇల్లైతే రెండు కొమ్మలు కట్టకూడదని ఎవరూ అనలేదు."

నానమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆ చెట్టు సరైన చోటే నాటాను," అంది ఎవరూ అడక్కుండానే.

సెవెరిన్ నిచ్చెన మోసుకుని ఇవతలికి వచ్చాడు. వ్రోని కింద గట్టిగా పట్టుకుంది. ఆయన రెండు మెట్లెక్కి కిందికి చూశాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"వదలవుగా?"

"వచ్చే కోతకి వరుసలు నేను లెక్కపెడతాను," అంది వ్రోని. "దానికి ఒప్పుకుంటే వదలను."

"ఒప్పుకున్నా," అని సెవెరిన్ కొమ్మ పైకెత్తాడు.

"కట్టండి బాబూ తొందరగా," అన్నాడు ఆంబ్రోస్ తాత, ఖాళీ గ్లాసు చూసుకుంటూ. "ఆ రెండో జగ్గు ఇంకా రాలేదు."